ఉప్పు చూడని వంట

నాతో పనిచేసిన టీచరు పోయిన పన్నెండో రోజు, భోజనాల దగ్గర ఆమె తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు. ఆయనకి కుడికాలు స్వాధీనంలో లేదు, కింద కూర్చోలేడు. అందుకని బల్లా కుర్చీ వేసి, తోడుగా నన్నూ అక్కడే కూర్చోమన్నారు. పప్పన్నం కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమిలాడు.

"ఉప్పు సాల్నేదు," అన్నాడు. "అక్కుంటే ఇస్తరి ముందునించి లేసెల్లిపోయీది."

"లేచి వెళ్ళేది కాదు. వంటాయన్ని పిలిపించేది," అన్నాను.

"అవును. పిలిపించి ఆడిసేతే తినిపించీది."

వడ్డిస్తున్న ఆమె కూతురు ఆగి, "మావయ్యా, ఉప్పు తెమ్మంటావా, అమ్మలాగ తిట్టుకుంటూ తింటావా?" అంది. ముగ్గురం నవ్వాం. పక్క వరసలోవాళ్ళు తిరిగి చూశారు. మేం అలా నవ్వడం ఆమెకి తప్పుగా తోచేది కాదు. ఒకప్పుడైతే తోచేది.

గడిచిన ఏడెనిమిదేళ్ళలో ఆమెతో పరిచయమైనవాళ్ళకి ఆమె తిండి దగ్గర పేచీలు పెట్టే మనిషి. విజయనగరంలో ఆమె చట్నీ గిన్నె వెనక్కి పంపని టిఫిను హోటలు లేదు. పెళ్ళికి వెళ్ళొస్తే పెళ్ళికూతురి గురించి ఒక మాట, వంకాయ కూర గురించి పది మాటలు చెప్పేది. చివరిసారి ఆస్పత్రిలో చేరాక కూడా, కూతురు తెచ్చిన జావలో చెంచా ముంచి నాలిక్కి తాకించుకుని, "మజ్జిగ పులిసిపోనాది. రోగిష్టోళ్ళకి పెట్టీదేనేటి ఇది?" అంది. నేను పక్కనే ఉన్నాను. నాకు సంతోషం వేసింది. అంత జబ్బులో ఉన్న మనిషి జావకి వంక పెడుతుంటే ఎందుకు సంతోషం వేసిందో తెలియాలంటే అంతకుముందు ఆమెని చూసి ఉండాలి.

నెల్లిమర్ల దగ్గర ఒక హైస్కూల్లో మేమిద్దరం చాలా ఏళ్ళు కలిసి పనిచేశాం. ఆమె సోషల్ చెప్పేది, నేను తెలుగు. రోజూ విజయనగరం నుంచి ఒకే ఆటోలో వెళ్ళేవాళ్ళం. ఆమె నాకంటే పెద్దది. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను పిల్లా అనేది. నాకు జుట్టు నెరిశాక కూడా ఆ పిలుపు మారలేదు.

మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఆమె క్యారేజీ విప్పగానే లెక్కల మాస్టారు అడిగేవాడు: "టీచరుగారూ, ఈవేళ సముద్రమా, చెరువా?"

"నాకేటి తెలుసు మాస్టారూ, తిని మీరే సెప్పండి."

ఒకరోజు నోట పెట్టలేనంత ఉప్పు ఉండేది, ఇంకోరోజు అసలే ఉండేది కాదు. ఎప్పుడైనా సరిగ్గా కుదిరితే మాస్టారు లేచి నిలబడి కూరగిన్నెకి దణ్ణం పెట్టేవాడు. కారణం అందరికీ తెలుసు. వండేటప్పుడు ఆమె రుచి చూడదు. దేవుడికి పెట్టేదాన్ని ముందుగా ఎంగిలి చెయ్యకూడదన్నది మా అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. కాకపోతే మాకది పండగలకీ వ్రతాలకీ. ఆమెకి రోజూ. వాసన కూడా పీల్చకూడదని, తాలింపు వేసేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకునేది.

"పోనీ, దేవుడికి పెట్టేశాక చూసుకుని ఉప్పు కలుపుకోవచ్చు కదా అక్కా," అన్నాను ఒకసారి.

"ఆయన తిన్నదానికి మనం వంకలెడతామేటి పిల్లా?"

ఆమె భర్త జూట్‌మిల్లులో గుమాస్తా. మెతక మనిషి. కంచం పక్కన ఒక గిన్నెలో ఉప్పు, ఇంకో గిన్నెలో వేణ్ణీళ్ళు పెట్టుకుని భోజనానికి కూర్చునేవారు. ఆ పూటకి ఏది కావాలో అది కలుపుకునేవారు. మనవరాలు పుట్టకముందే ఆయన పోయారు. పోయేదాకా తన వంట మీద ఒక్క మాట అనలేదని ఆమె గర్వంగా చెప్పేది. చెప్పిన వెంటనే, గర్వపడ్డందుకు లెంపలు వేసుకునేది.

ఆమెని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఆ లెంపలే. ఆమె నవ్వు పెద్దది. ఒక్కసారిగా వచ్చేది, పక్క క్లాసులోకి వినిపించేది. నవ్వు ఆగీ ఆగకముందే కుడిచెయ్యి లేచి రెండు చెంపల మీదా టపటపా తట్టేది. మంచి చీర కట్టుకుంటే తట్టుకునేది. ఆకలేస్తోందంటే తట్టుకునేది. వెనక బెంచీల్లో పిల్లలు దాన్ని అనుకరించేవారు. అది చూసి ఆమెకి నవ్వొచ్చేది. మళ్ళీ తట్టుకునేది.

వేసవి సెలవుల ముందు ఎవరో ఒకరు స్టాఫ్‌రూముకి మామిడిపళ్ళు తెచ్చేవారు. అందరికీ ముక్కలు కోసి పంచే పని ఆమే తీసుకునేది. చివరికి టెంకలు మిగిలేవి. ఒక టెంక తీసుకుని బీరువా వెనక్కి వెళ్ళేది. ఒకసారి సుద్దముక్కల కోసం వెళ్ళి చూశాను. గోడ వైపు తిరిగి, గబగబా, ఎవరో లాక్కుంటారన్నట్టు చీకుతోంది. నన్ను చూసి, పట్టుబడ్డ పిల్లలా టెంకని కొంగు చాటున పెట్టుకుంది. నేను సుద్దముక్క తీసుకుని వచ్చేశాను.

ఎవరైనా ఆమె ఎదుట ఒక మంచి మాట అంటే గొంతు తగ్గించి, "మెల్లగా అను, ఇంటాడు," అనేది. కూతురికి ఇంజనీరింగు సీటు వచ్చిన రోజు మేమందరం ఆమెని గుసగుసగానే అభినందించాం. వినేది ఎవరో ఆమె చెప్పనక్కర్లేదు. ఆమె దేవుడు గోడకి చెవి ఆనించి ఉండేవాడు. సంతోషం వినబడితే వచ్చి పట్టుకుపోయేవాడు. గుడికి వెళ్ళినా ఆమె ఏదీ కోరుకునేది కాదు. వెనక వరసలో నిలబడి క్షమించమని మాత్రం అడిగి వచ్చేసేది.

ఇదంతా భక్తి అని మా స్కూల్లో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అదే అనేది.

పిల్లల్ని మాత్రం ఆమె ఎన్నడూ శిక్షించలేదు. ఒక అమ్మాయి గ్లోబు కిందపడేసి, అది రెండుగా విరిగి, ఏడుస్తూ నిలబడితే, "ఆఫ్రికా ఎటు దొర్లిపోనాదో సూడు ముందు," అంది. ఆ సంగతి హెడ్మాస్టరుకి తెలిసి, ఆ అమ్మాయిని అసెంబ్లీలో నిలబెట్టి తప్పు ఒప్పించాలన్నారు. అక్క ముఖం పాలిపోయింది. "వద్దు సార్. ఎవరి చేతా తప్పు ఒప్పించొద్దు," అంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. ఆయన కూడా విని ఉండరు, ఇంక పట్టుబట్టలేదు.

ఆ సాయంత్రం ఆటోలో ఎందుకలా అన్నావని అడిగాను. ఒక్కరోజులో చెప్పలేదు. అప్పుడింత, ఇప్పుడింత చెప్పింది.

వాళ్ళది కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లె. వరి పండించే కుటుంబం. తండ్రి పడుచు వయసులో ఒక గురువు దగ్గర ఉపదేశం తీసుకుని, ఊళ్ళో భజన గుంపు పెట్టి, ఇల్లంతటినీ ఆ నియమాల్లోకి తెచ్చాడు. తెల్లవారకముందు చన్నీళ్ళ స్నానం. అన్నం బాగుందని గానీ బాగాలేదని గానీ అనకూడదు. దీపాలవేళ పిల్లలు దేవుడి పటం ముందు నిలబడి ఆ రోజు చేసిన తప్పులు చెప్పి లెంపలు వేసుకోవాలి. తప్పేమీ చెయ్యలేదంటే అది అహంకారం, దానికి ఇంకొన్ని లెంపలు. అందుకని రోజూ ఏదో ఒక తప్పు దొరకాలి.

"మా తమ్ముడి దగ్గిర ఎప్పుడూ ఉండీవి. ఆడి దగ్గిర అరువు తీసుకునీదాన్ని," అంది. "ఆడు పక్కోళ్ళ జాంకాయలు కోసీవోడు. ఈ కాయి నువ్వు కోసినావని సెప్పుకో అనీవోడు. తప్పు ఇచ్చీవోడు గానీ కాయి ఇచ్చీవోడు కాదు."

చెబుతూ నవ్వింది. తట్టుకుంది.

ఒక పండక్కి తల్లి చలిమిడి చేసి, పళ్ళెంలో పెట్టి, నీళ్ళకి వెళ్ళింది. ఈ పిల్ల ఒక వేలితో కొంచెం తీసి నాకింది. ఆ సాయంత్రం ఎంతో ఉత్సాహంగా పటం ముందు నిలబడింది. అరువు తెచ్చుకోనక్కర్లేని తప్పు, తన సొంతది, మొదటిసారి దొరికింది. గట్టిగా చెప్పింది. తండ్రి ఏమీ అనలేదు. కొద్దిరోజులకి తమ్ముడికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గేసరికి కుడికాలు చచ్చుబడిపోయింది. అప్పుడన్నాడు తండ్రి: "నువ్వు దేవుడిది ఎంగిలి సేసినావు. ఆయన తమ్ముడి కాలు తీసుకున్నాడు."

కొట్టలేదు, తిట్టలేదు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు కూడా. ఎత్తనక్కర్లేకపోయింది. ఆ పిల్ల ఆ మాటతోనే చదువుకుంది, ఉద్యోగం చేసింది, పెళ్ళి చేసుకుంది, కూతుర్ని కంది.

"అది పోలియో అక్కా," అన్నాను.

"తెలుసు. టీకాల పాఠం నానే కదా సెప్తాను."

ఆమెకి నిజంగానే తెలుసు. తెలియడం వల్ల ఏమీ మారలేదు.

ఆమె రిటైరైన కొంతకాలానికి, విజయనగరంలోనే, కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రికి నేనూ వెళ్ళాను. నర్సు పిల్లని గుడ్డలో చుట్టి తెచ్చి అమ్మమ్మ చేతుల్లో పెట్టబోతే ఆమె వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. "నా సెయ్యి మంచిది కాదు. ఆవిడకియ్యండి," అని నన్ను చూపించింది. అలా నెలలు గడిచాయి. పిల్లకి గుడ్డలు కుట్టింది, ఉతికింది, ఉయ్యాల తాడు పట్టుకుని ఊపింది. పిల్లని మాత్రం ముట్టుకోలేదు. తనకి తెలియని తప్పు ఏదో తన చేతిలో ఉంటుందని, ముట్టుకుంటే అది పిల్లకి తగులుతుందని ఆమె భయం.

ఒక మధ్యాహ్నం కూతురు మా ఇంటికి వచ్చింది. "అమ్మకి నా మీద కోపమా ఆంటీ? నా బిడ్డని ఎందుకు ఎత్తుకోదు?" అంది.

నాకు తెలిసింది చెప్పాను. ఆ అమ్మాయికి ఇదేమీ తెలియదు. ఇన్నాళ్ళూ తల్లికి తనంటే, తన పిల్లంటే ఇష్టం లేదేమో అనుకుంది. చాలాసేపు కూర్చుని, వెళ్ళేముందు, "అన్నప్రాశన అమ్మ చేత్తోనే చేయిస్తాను. ఇంకెవరు పెట్టినా ఒప్పుకోను," అంది. ఆ మాట తల్లికి కూడా చెప్పింది. ఆ రోజు నుంచి అక్క సరిగా అన్నం తినలేదు. అప్పుడు ఇద్దరం కలిసి ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

మానసిక వైద్యురాలు, చిన్న వయసుది. నుదుట కుంకుమ, బల్ల మీద చిన్న వినాయకుడు. అది చూసి అక్క కాస్త కుదుటపడింది. అంతా విని డాక్టరు, "దేవుడి జోలికి నేను రానమ్మా. మీ నాన్నగారి జోలికి మాత్రం వస్తాను," అంది.

మాత్రలు రాసింది. వాటితోపాటు ఒక పని చెప్పింది. రోజూ పప్పు వండి, పొయ్యి మీద ఉండగానే రుచి చూడాలి. చూశాక లెంపలు వేసుకోకూడదు. భయం వస్తుంది. రానిచ్చి, అది దానంతట అది దిగేదాకా కూర్చోవాలి.

మొదటి రోజు నేను వెళ్ళాను. గరిటె నోటిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. చివరికి నాలుక తాకించింది. పీట మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. చెమటలు పట్టాయి. కొంచెం తేరుకున్నాక ఫోను తీసి తమ్ముడికి చేసింది.

"ఎలగున్నావు?"

"బాగానే ఉన్నాను. ఏటి?"

"ఏటీ నేదు. ఫోన్ పెట్టీ."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కొన్నాళ్ళకి ఆయనకి విసుగొచ్చింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, ఆయన గొంతు ఫోనులోంచి నాకూ వినబడుతోంది.

"ఏటే అక్కా, రోజూ వంటేళకి ఫోన్ సేసి బతికున్నానా సచ్చినానా అని కనుక్కుంతన్నావు. నాకేటైనా రోగమని నీకెవలైనా సెప్పినారేటి?"

"పప్పు రుచి సూసినాన్రా."

"నీ పప్పుకీ నా పేనానికీ ఏటే సమ్మందం?"

అప్పుడు చెప్పింది. చలిమిడి సంగతి, కాలు సంగతి, నాన్న అన్న మాట. ఇన్నేళ్ళలో ఆయనకి ఒక్కసారి కూడా చెప్పలేదు.

"ఒసే," అన్నాడు తమ్ముడు. "ఆ సలిమిడి నాను నీకంటే ముందే తిన్నాను. ఉండకి ఉండ తినీసినాను. నీదొక ఏలు."

"మరి సాయంత్రం సెప్పనేదేటి?"

"నువ్వు సెప్పీసినావు గదా. ఇద్దరం ఒకే తప్పు సెప్తే నాన్న ఊరుకుంతాడేటి? నాను జాంకాయి సెప్పీసినాను."

ఇది విని ఆమె మనసు తేలికపడిందని రాయగలిగితే బాగుండును. కాసేపు ఆలోచించి, "అయితే ఇద్దరి పాపమూ కలిసిందన్నమాట," అంది.

తమ్ముడు అటునుంచి పకపకా నవ్వాడు. "నీతో నాను పడనేను. కాలు నాది. నాకు నేని బాధ నీకేటే? ఈ కాలుతోనే సైకిలు తొక్కినాను, పెళ్ళి సేసుకున్నాను, నలుగుర్ని పెంచినాను. గుంటడికి జొరమొచ్చిందని నాన్న బయపడిపోనాడు. ఆ బయం ఎక్కడ పెట్టాలో తెలక నీ నెత్తిన పెట్టీసినాడు. అంతే."

ఆ తండ్రి గురించి నేను విన్న మాటల్లో ఇది న్యాయమైనది. పుస్తకాల్లో ఇంతకంటే పెద్ద మాటలు చదివాను గానీ ఇంతకంటే సరైనది చదవలేదు.

కొన్నాళ్ళకి ఒకరోజు ఆమె ఫోను చెయ్యడం మర్చిపోయింది. మధ్యాహ్నం దాటాక తమ్ముడే కంగారుగా చేశాడు: "ఏటే, ఈయేళ పప్పు వండనేదా?"

చెయ్యి అప్పటికీ లేచేది. చెంప దాకా వచ్చి, చెవి మీద జుట్టు సర్దుకుని దిగేది. అది చివరిదాకా పోలేదు. పోతుందని డాక్టరు కూడా చెప్పలేదు. దేవుణ్ణి ఆమె మానలేదు. చాలా తర్వాత ఒకసారి నేను అడిగితే, "ఇప్పుడు ఆయనతో మాటాడతన్నాను పిల్లా. ఇదివరకు సంజాయిషీలు ఇచ్చీదాన్నంతే," అంది.

అన్నప్రాశన కూతురి ఇంట్లో చేశారు. పాయసం ఆమే వండింది. పప్పు వేరు, దేవుడికి పెట్టే పాయసం వేరు. రుచి చూడలేదు, ముఖం పక్కకి తిప్పుకునే కలిపింది. అలవాటైన వంటిల్లు కాదు. అరలో ఒకే రకం స్టీలు డబ్బాలు వరసగా ఉన్నాయి.

పురోహితుడు నైవేద్యం పెట్టించాడు. పిల్లని తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టారు. కూతురు బంగారు ఉంగరం తీసి తల్లి చేతికిచ్చింది. ఆమె దాన్ని పాయసంలో ముంచి పిల్ల నాలుకకి రాసింది. పిల్ల ముఖం ముడుచుకుపోయింది. ఉమ్మేసి, ఒక్క కేక పెట్టి ఏడుపు అందుకుంది.

"మొదటిసారి కదా, అలాగే చేస్తారు," అంది వియ్యపురాలు.

ఈలోగా మా అరచేతుల్లో తలో చెంచా ప్రసాదం పెట్టారు. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. ఉప్పు. గొంతు దిగనంత ఉప్పు. చుట్టూ చూశాను. అందరూ నోట్లో వేసుకుంటున్నారు, ఒక్క క్షణం ఆగుతున్నారు, మింగుతున్నారు. ప్రసాదానికి వంక పెట్టకూడదు. పురోహితుడు కూడా మింగి, మంచినీళ్ళు అడిగాడు. అక్క మళ్ళీ ఉంగరం ముంచబోతోంది.

"అక్కా, ఆగు," అన్నాడు తమ్ముడు కుర్చీలోంచి. "అది ఉప్పే."

"ప్రసాదం కదండీ, అలా అనకూడదు," అంది వియ్యపురాలు.

"సంటిగుంట అంది గదండీ ముందు. నాను దానెనక అన్నాను."

అక్క గిన్నెలో వేలు ముంచి నాకింది. ముఖంలో రంగు పోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆమె భయపడ్డది ఇదే. దేవుడికి చెయ్యకూడనిది చేసింది. అది పిల్ల నోట్లోకి వెళ్ళింది. తన చేత్తోనే వెళ్ళింది. "ఏం పర్లేదమ్మా," అని కూతురు అంటోంది, ఆమెకి వినిపించినట్టు లేదు. పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆమె గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను.

కూలబడిపోతుందనుకున్నాను. గిన్నె తొట్టిలో ఒంపేసి, మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టింది. మిగిలిన అన్నం మెత్తగా మెదిపి అందులో వేసింది. రెండు డబ్బాల మూతలు తీసి, రెండిట్లోనూ వేలు పెట్టి నాకి, ఒకదాన్ని పక్కకి తోసింది. కలుపుతూ, నా వైపు చూడకుండా అంది:

"పిల్లా, దీనికేటైనా అయితే?"

"అయితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం," అన్నాను.

గరిటె ఆగింది. "అంతేనా?"

"అంతే కదా అక్కా."

ఆమె గరిటె మళ్ళీ తిప్పింది. తర్వాత చెంచాతో కొంచెం తీసి, ఊది, నోట్లో పెట్టుకుంది. "తీపి సాల్నేదు," అని ఇంకాస్త పంచదార వేసి మళ్ళీ చూసింది. పొయ్యి కట్టేసింది.

చల్లార్చిన గిన్నెతో బయటికి వచ్చి, నేరుగా పిల్ల దగ్గరికి వెళ్ళి, కూర్చుని, అల్లుడి ఒళ్ళోంచి పిల్లని తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఒక్కసారి దేవుడికి చూపించి..." అంది వియ్యపురాలు నెమ్మదిగా.

"ఆయనకి ఉప్పుది పెట్టినాను వదినా. ఏటీ అన్నేదు," అంది అక్క. "ఆయన ఎలగున్నా తింతాడు. ఈ గుంట తినదు."

పిల్ల పెదాలు బిగించేసింది. ఒకసారి మోసపోయింది కదా. ఆమె తొందరపెట్టలేదు. ఉంగరం పక్కన పెట్టేసి, చూపుడువేలు పాయసంలో ముంచి, కింది పెదవికి కొంచెం రాసి ఊరుకుంది. ఏడుపు మధ్యలో పిల్ల పెదవి నాక్కుంది. ఏడుపు ఆపింది. చెమ్మ కళ్ళతో అమ్మమ్మ ముఖంలోకి కాసేపు చూసి, నోరు తెరిచింది.